నాలుగు మూలలూ పడాలి, ఒక్క అంకె కూడా పోకూడదు

కాగితం ఉన్నవాడిదే భూమి అన్న మాట పేదవాడికి కొత్త కాదు. ఒకప్పుడు ఆ కాగితం కరణంగారి దస్త్రంలో ఉండేది. 1984లో కరణీకాలు, మునసబీలు రద్దయ్యాయి. దస్త్రం కరణం చంక దిగింది గాని పేదవాడి చేతికి రాలేదు, కంప్యూటరులోకి పోయింది. 2011లో మీసేవ వచ్చింది. తెలంగాణలో 2020లో ధరణి, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చాయి. పేర్లు ఎన్ని మారినా అర్జీదారుకు చెప్పేది ఒకటే: "కాగితం నకలు ఎక్కించు."

ఇది చిన్న పనేనా? పొద్దుగూకాక కూలి నుంచి వచ్చి, బల్బు కింద మంచం మీద పాసుపుస్తకం పెట్టి ఫోటో తీస్తే ఏమవుతుంది? మన నీడే దాని మీద పడుతుంది. దగ్గరి అంచు వెడల్పుగా, దూరపు అంచు ఇరుకుగా వస్తుంది. బండిబాట దూరం పోయేకొద్దీ సన్నబడినట్టు కనిపిస్తుందే, అదే లెక్క. సర్వే నెంబరులో 3 కాస్తా 8 లాగా కనబడినా, బై నెంబరు అంచుతోపాటు తెగిపోయినా నష్టపోయేది ఎవరు? ఆఫీసులో కుర్చీలో ఉన్నవాడు కాదు. 'స్పష్టంగా లేదు' అని ఒక్క ముక్క రాసి తిప్పికొడతాడు. కూలీకి మళ్లీ ఒక దినం కూలి పోతుంది.

ఈ వంకర తీసే పనిముట్లు ఇప్పుడు ఫోనులోనే, బ్రౌజరులోనే ఉన్నాయి. దీని కిటుకు బ్రహ్మవిద్యేమీ కాదు. నాలుగు మూలల రాళ్లు చూసి సర్వేయరు చేను హద్దు తేల్చినట్టే, ఆ యంత్రం కాగితం నాలుగు మూలలూ పట్టుకుని, వంకరను సాగదీసి తిన్నగా చేస్తుంది. మూలలు తప్పు పట్టుకుంటే మనం వేలితో జరపాలి. ఉత్తినే ఫోటోను తిప్పినంత మాత్రాన, అంచులు కోసినంత మాత్రాన ఈ వంకర పోదు. ఫోటోలో పడని అక్షరాన్ని ఏ యంత్రమూ తీసుకురాలేదు. కాగితం చదునుగా ఉందనే అది లెక్క వేస్తుంది కనుక మడతలు లేచిన కాగితం పూర్తిగా సరికాదు.

అందుకని కొన్ని జాగ్రత్తలు. పగటిపూట, ఎండ నేరుగా పడని చోట తీయాలి. తెల్ల కాగితాన్ని తెల్ల దుప్పటి మీద పెడితే యంత్రానికి అంచు దొరకదు, ముదురు రంగు గుడ్డ మీద పరవాలి. ఫోను కాగితానికి సరిగ్గా పైన ఉండాలి. అంచులు కోసేటప్పుడు ముద్ర, సంతకం, వేలిముద్ర, తేదీ తెగకూడదు. వెనక పేజీలో రాత ఉంటే అదీ తీయాలి. పంపేముందు ఫోటో పెద్దది చేసి ఒక్కొక్క అంకె చదవాలి. చదువు రానివారికి పక్కనున్నవారు చదివి వినిపించాలి. ముక్కూమొహం తెలియని వెబ్‌సైటులో ఆధార్, పట్టా పెట్టకూడదు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాం. వంకర తీయడం వేరు, రాత మార్చడం వేరు. అంకె దిద్దినా, మరక పేరుతో అక్షరం చెరిపినా అది నేరం. దళారి చేసినా మెడకు చుట్టుకునేది అర్జీదారుకే. కనుక మొదట తీసిన ఫోటోనూ, అసలు కాగితాన్నీ భద్రంగా దాచుకోవాలి.

ఫోటో బాగా లేనంత మాత్రాన హక్కు పోదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు రైతు క్లెయిముకు ఊరి పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. ఫలానా కాగితమే తెమ్మని కమిటీలు పట్టుబట్టకూడదని 2012లో సవరించిన నిబంధనలు చెబుతున్నాయి. తిరస్కరిస్తే ఆ సంగతి క్లెయిముదారుకు స్వయంగా తెలపాలి. గ్రామసభ నిర్ణయం మీద 60 రోజుల్లో సబ్ డివిజన్ కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు.

యంత్రం వద్దని మనం అనడం లేదు. యంత్రం సాకుతో పేదవాడి అర్జీని చెత్తబుట్టలో వేయవద్దంటున్నాం. అసలు కాగితం పట్టుకొచ్చినవాడికి ఆఫీసులోనే ఉచితంగా నకలు తీసి, రసీదు ఇవ్వాలని అడగాలి. అందాకా ప్రతి వాడలో ఇద్దరు యువకులు ఈ పని నేర్చి, పైసా తీసుకోకుండా చేసిపెడితే దళారికి పని ఉండదు.