పగ్ గురక ముద్దుగా ఉందా? ఎండాకాలంలో అదే ప్రాణం మీదకు తేవచ్చు!

మీ ఇంట్లో పగ్ ఉందా? షిట్జునో, పొమేరియన్‌నో పెంచుతున్నారా? అది నిద్రలో గుర్రుమంటుంటే వీడియో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేవాళ్లు చాలామందే ఉంటారు. అసలు విషయం ఏంటంటే.. ఆ చప్పుడు చాలాసార్లు గాలి అందక కుక్క పడే అవస్థ.

చిత్తూరు జిల్లా కార్వేటినగరం లాంటి ఊళ్లలో ఇది ఇంకాస్త సీరియస్ విషయం. మే నెలలో ఈ చుట్టుపక్కల ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. కుక్క గొంతులో కెమెరాతో పరీక్ష చేయించాలన్నా, ఆపరేషన్ చేయించాలన్నా సాధారణంగా పుత్తూరు మీదుగా తిరుపతి వెళ్లాలి. గంటకు పైగా ప్రయాణం. ఊపిరాడని కుక్కకు ఆ గంట చాలా ఎక్కువ.

పుర్రె చిన్నదైంది.. లోపల కండ తగ్గలేదు

పగ్ మొహాన్ని అలా తయారు చేసింది మనుషులే. తరతరాలుగా మూతి పొట్టిగా ఉన్నవాటినే ఏరి జత కట్టించడంతో పుర్రె కుదించుకుపోయింది. కానీ లోపలుండే అంగిలి, నాలుక ఆ మేరకు తగ్గలేదు. రెండు గదుల సామాను తెచ్చి ఒకే గదిలో కుక్కినట్టు అన్నమాట. ముక్కు రంధ్రాలు సన్నటి చీలికల్లా ఉంటాయి. అంగిలి వెనక భాగం కిందికి వేలాడి శ్వాసనాళం మొదట్లో అడ్డుపడుతుంది. ఆ మెత్తటి కండ గాలికి అదిరినప్పుడు వచ్చేదే గురక.

మన దేశంలో పగ్‌లకు ఇంత క్రేజ్ రావడానికి 2003 నాటి హచ్ మొబైల్ యాడ్ ఓ పెద్ద కారణం. పిల్లాడి వెనకే తిరిగే ఆ కుక్కను చూసి అలాంటిదే కావాలని మారాం చేయని పిల్లలు తక్కువ. దానికి ఎండ పడదని యాడ్‌లో ఎవరూ చెప్పలేదు లెండి!

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దాని ఒంటికి ఏసీ. గాలి దారే ఇరుకైతే ఆ ఏసీ పనిచేయదు. ఎంత రొప్పితే గొంతు అంత వాచిపోతుంది, దారి ఇంకా మూసుకుపోతుంది. అందుకే పెద్దగా ఎండలో తిరగకపోయినా, రేకుల ఇంట్లో మధ్యాహ్నం కట్టేసి ఉంచినా పగ్‌కు వడదెబ్బ తగలొచ్చు.

పొమేరియన్‌ది వేరే కథ

దీని మూతి బాగానే ఉంటుంది. బలహీనత శ్వాసనాళంలో. ఆ గొట్టాన్ని తెరిచి ఉంచే మృదులాస్థి రింగులు కొన్ని కుక్కల్లో మెత్తబడిపోతాయి. అప్పుడు గొట్టం చప్పగా అణిగిపోయి, బాతు అరిచినట్టు 'కాంక్ కాంక్' అని దగ్గు మొదలవుతుంది. సంతోషంతో గెంతినా, మెడకు కట్టిన బెల్టు లాగినా దగ్గు ఎక్కువవుతుంది. గొంతులో ఏదో ఇరుక్కుందని ఇంట్లోవాళ్లు వేలు పెట్టి వెతుకుతుంటారు. ఆ పని చేయొద్దు.

ఇక్కడ మొదటి మందు ఖర్చు లేనిది. మెడ బెల్టు తీసేసి, ఛాతీకి తగిలించే హార్నెస్ వాడాలి. రెండోది బరువు తగ్గించడం. పెరుగన్నం, బిస్కెట్లు ముద్దుగా పెట్టీ పెట్టీ గుండ్రంగా చేసిన కుక్కకు దగ్గు ఇంకా ముదురుతుంది. దోమల కాయిల్, సాంబ్రాణి పొగ కూడా దాని దగ్గరకు రాకూడదు. వయసు మీదపడిన చిన్న కుక్కల్లో గుండె వాచినా ఇలాంటి దగ్గే వస్తుంది కాబట్టి ఎక్స్‌రే తీయకుండా ఇదేనని తేల్చలేం. ఇంట్లో ఉన్న దగ్గు సిరప్, నొప్పి మాత్రలు వేయడం మాత్రం ప్రమాదం. ఐబుప్రొఫెన్ లాంటివి కుక్కకు విషమే.

కొన్నిసార్లు కుక్క మెడ చాచి, ముక్కుతో గాలిని లోపలికి గట్టిగా లాగుతూ గురగురమంటుంది. చూస్తే భయమేస్తుంది గానీ, నిమిషంలోపు ఆగిపోయి మళ్లీ మామూలుగా ఆడుకుంటే అది తిరగబడ్డ తుమ్ము లాంటిదే. ఎప్పుడో ఒకసారి వస్తే కంగారు అక్కర్లేదు.

ఫోన్ ఇక్కడ పనికొస్తుంది

డాక్టర్ దగ్గరికి వెళ్లాక కుక్క దగ్గదు. అందుకే ఇంట్లో దగ్గుతున్నప్పుడే వీడియో తీసి పెట్టుకోవాలి. నిద్రలో ఉన్నప్పుడు ఛాతీ నిమిషానికి ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టండి. 30 లోపు ఉంటే పర్లేదు. రోజూ అంతకన్నా ఎక్కువ వస్తుంటే చూపించాల్సిందే.

నాలుక నీలంగా మారినా, రొప్పుతూ తూలి పడినా అది ఎమర్జెన్సీ. కుక్క మామూలు టెంపరేచర్ 101 నుంచి 102.5 ఫారన్‌హీట్. 105 దాటిందంటే ప్రాణాపాయం. వెంటనే బండెక్కించి తిరుపతికి పరుగెత్తాలనిపిస్తుంది. ముందు చల్లబరచండి, తర్వాతే బయల్దేరండి. నీడలోకి తెచ్చి, కుళాయి నీళ్లతో ఒళ్లంతా తడిపి ఫ్యాన్ పెట్టాలి. తడి గుడ్డ కప్పి వదిలేస్తే వేడి లోపలే ఉండిపోతుంది. స్పృహ లేనప్పుడు నోట్లో నీళ్లు పోయొద్దు. దారిలో కూడా కారు ఏసీ వేసి ఉంచాలి. బైకు ట్యాంకు మీద కూర్చోబెట్టి మధ్యాహ్నం ఎండలో తీసుకెళ్లడం కన్నా ఘోరం లేదు.

తిరుపతి పశువైద్య కళాశాల 1955 నుంచి ఉంది, ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. పరీక్షల కోసం వెళ్లేవాళ్లు తెల్లవారుజామునే బయల్దేరితే మంచిది. ముక్కు రంధ్రాలు వెడల్పు చేసే, వేలాడే అంగిలిని కత్తిరించే ఆపరేషన్లు చిన్న వయసులో చేయిస్తేనే ఎక్కువ ఫలితం ఉంటుంది.

నెదర్లాండ్స్‌లో అయితే, పుర్రె పొడవులో మూడో వంతు కన్నా మూతి పొట్టిగా ఉన్న కుక్కలతో పిల్లలు పుట్టించకూడదని 2019 నుంచి రూల్ అమలు చేస్తున్నారు. ఇక్కడ ఆ పని కొనేవాళ్లే చేయాలి. కొత్తగా పిల్లను తెచ్చుకుంటుంటే ముక్కు రంధ్రాలు తెరుచుకుని ఉన్నాయో లేదో చూడండి. వీలైతే తల్లిని ఐదు నిమిషాలు నడిపించి, దాని ఊపిరి చప్పుడు విని, అప్పుడు బేరం మాట్లాడండి.