తాండ్రలో మామిడి ఎంత?

మామిడి తాండ్ర ముక్కను వేళ్లతో విడదీస్తే పుస్తకంలో పేజీల్లా పొరలు లేస్తాయి. అవి అందం కోసం వేసినవి కావు. గోదావరి జిల్లాల్లో, ముఖ్యంగా ఆత్రేయపురం వైపు, ఎండలు ముదిరాక మామిడిపండ్ల గుజ్జు తీసి, పంచదారో బెల్లమో కలిపి, చాపల మీద పల్చగా పూస్తారు. అది ఆరాక దాని మీద ఇంకో పూత, మర్నాడు మరొకటి. తొందరపడి అంతా ఒకేసారి మందంగా పోశారా, పైన తోలు కట్టేస్తుంది. లోపలి తడి బయటికి రాలేదు. చూడ్డానికి ఎండినట్టే ఉంటుంది కానీ లోపల పులిసిపోతుంది.

గుజ్జులో నూటికి 83 పాళ్లు నీరే. తాండ్రలో అది 15, 20 పాళ్లకు దిగుతుంది. ఆ మిగిలిన కాస్త నీటినీ చక్కెర పట్టి ఉంచుతుంది. అందుకే పంటి కింద మెత్తగా తగిలే ఆ తేమ బూజుకు అందదు. పండులోని పులుపు బ్యాక్టీరియా పని పడుతుంది. ఇక తాండ్రకుండే ఆ సాగుడు, పండులోని జిగురు పదార్థమైన పెక్టిన్ చలవ.

మరి పోషకాలు? 100 గ్రాముల పండులో విటమిన్ సి సుమారు 36 మిల్లీగ్రాములు. దానికి గాలీ వెలుతురూ వేడీ పడవు. చాప మీద మూడూ ఉన్నాయి, అదీ రోజుల తరబడి! చాలా భాగం అక్కడే పోతుంది. బీటా కెరోటిన్ కొంత మొండిది, అయినా ఎండకు తగ్గక తప్పదు. పీచు, పొటాషియం నిలుస్తాయి.

చక్కెర కూడా ఎక్కడికీ పోదు. కిలో గుజ్జులో సహజంగా ఉండేది 137 గ్రాములు. ఆ కిలో ఎండితే మిగిలేది దాదాపు 200 గ్రాములే. అంటే పైనుంచి చెంచాడు పంచదార వేయకముందే మూడింట రెండు వంతులు చక్కెర! తాండ్రను మిఠాయిల లెక్కలో వేసుకోవడమే న్యాయం. షుగర్ ఉన్నవాళ్లు రుచికి చిన్న ముక్కతో ఆపాలి. పళ్లకు అంటుకుపోతుంది కనుక పిల్లలు తిన్నాక నోరు పుక్కిలించాలి.

ఇంట్లో చేసిన తాండ్ర నిల్వ ఉన్నకొద్దీ నల్లబడుతుంది, అది సహజం. నెలలు గడిచినా పచ్చగా మెరిసేదాన్ని చూస్తే నాకు అనుమానమే. రంగైనా కలిపి ఉండాలి, సల్ఫైట్లనే నిల్వ రసాయనాలైనా. ఆస్తమా ఉన్నవారిలో కొందరికి సల్ఫైట్లు పడవు. ప్యాకెట్ కొనేటప్పుడు వెనకవైపు సల్ఫైట్లను సూచించే 220, 223, 224 అంకెలు ఉన్నాయేమో చూసుకోండి.