కొత్తది వేగం.. పాతది విశాలం
రెండు గ్రాఫిక్స్‌ కార్డుల్లో ఏది ఎవరికి మేలు?

జగిత్యాల: పెళ్లి వీడియో చెప్పిన గడువుకు అందకపోతే స్టూడియోకు మాట పోతుంది. ప్రాజెక్టు మధ్యలో కంప్యూటరు మొరాయిస్తే ఇంజినీరింగు విద్యార్థికి మార్కులు పోతాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో గ్రాఫిక్స్‌ కార్డు ఇప్పుడు ఆటల సరదాకు పరిమితమైన వస్తువు కాదు. వేల రూపాయలు పోసి కొనే ముందు అందరినీ వేధించే సందేహం ఒక్కటే. మెమొరీ ఎక్కువున్న పాత కార్డు తీసుకోవాలా? వేగం ఎక్కువున్న కొత్తది తీసుకోవాలా? మధ్యతరగతి ధరలో విరివిగా అమ్ముడైన ఎన్విడియా ఆర్టీఎక్స్‌ 3060, ఆర్టీఎక్స్‌ 4060 కార్డులను పోల్చి చూస్తే సమాధానం దొరుకుతుంది. మొదటిది 2021 ఫిబ్రవరిలో, రెండోది 2023 జూన్‌లో విడుదలయ్యాయి. విడుదల నాటి ధర 329 డాలర్లు, 299 డాలర్లు.

సాంచాల లెక్కతో చూస్తే..

సిరిసిల్ల వాసులకు ఈ లెక్క సులువుగా బోధపడుతుంది. గ్రాఫిక్స్‌ కార్డు ఒక సాంచాల షెడ్డు లాంటిది. అందులోని చిన్న గణన విభాగాలే సాంచాలు. 3060లో ఇవి 3,584 ఉండగా, 4060లో 3,072 మాత్రమే ఉన్నాయి. సంఖ్య చూసి పాతదే గొప్పదని అనుకుంటే పొరపాటే. సాంచ ఎంత వేగంగా ఆడుతుందన్నదీ లెక్కే. 3060 గరిష్ఠ వేగం 1.78 గిగాహెర్ట్జ్‌ కాగా 4060ది 2.46 గిగాహెర్ట్జ్‌. సంఖ్యను వేగంతో హెచ్చిస్తే కొత్త కార్డుదే దాదాపు 18 శాతం పైచేయి. ఆటల పరీక్షల్లోనూ సగటున 20 శాతం దరిదాపుల్లోనే తేడా కనిపించింది. అంటే పూర్తిగా కార్డుపైనే ఆధారపడిన పని పాతదానిపై గంట పడితే, కొత్తదానిపై సుమారు 50 నిమిషాల్లో ముగుస్తుంది.

గోదాము ఎవరిది పెద్దది?

షెడ్డుకు నూలు నిల్వ చేసే గోదాము కూడా కావాలి. కార్డులోని మెమొరీ అలాంటిదే. 3060లో ఇది 12 జీబీ, 4060లో 8 జీబీ. గోదాము నుంచి సరకు చేరే దారి కూడా పాతదానిలోనే వెడల్పు. సెకనుకు 360 జీబీ సమాచారం కదులుతుంది. కొత్తదానిలో 272 జీబీయే. ఈ లోటును పూడ్చేందుకు 4060లో గణన విభాగాల చెంతనే 24 ఎంబీల చిన్న నిల్వ ఏర్పాటు చేశారు. 3060లో ఇది 3 ఎంబీలే. సాంచ పక్కనే కండెలు సిద్ధంగా పెట్టుకున్నట్లన్న మాట. పని 8 జీబీల లోపు ఉన్నంతవరకు ఈ ఉపాయం చక్కగా పనిచేస్తుంది. అది దాటితే సమాచారం కంప్యూటరు ప్రధాన మెమొరీకి వెళ్లి రావాలి. అప్పుడు వేగం ఒక్కసారిగా కుంగుతుంది. ఒక్కోసారి పనే ఆగిపోతుంది.

ఎవరికి ఏది?

పెళ్లి వీడియోలు కూర్చేవారు: సాధారణ హెచ్‌డీ, తేలికపాటి 4కె పనులకు 4060 సరిపోతుంది. ఏవీ1 పద్ధతిలో వీడియోను కుదించే సదుపాయం దీనిలోనే ఉంది. 3060 ఆ వీడియోలను చూపగలదే గానీ తయారు చేయలేదు. అనేక పొరల ఎఫెక్టులతో 4కె పనులు చేసేవారికి 12 జీబీలే ఆదరువు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. కొన్ని కొత్త కెమెరాలు 4:2:2 రకం 10 బిట్‌ హెచ్‌.265 వీడియోలు తీస్తాయి. వాటిని విప్పి చూపే ప్రత్యేక ఏర్పాటు ఈ రెండు కార్డుల్లోనూ లేదు. ఇంటెల్‌ 11వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్ల అంతర్గత గ్రాఫిక్స్‌లోనూ, 2025లో వచ్చిన ఆర్టీఎక్స్‌ 50 వరుస కార్డుల్లోనూ ఉంది.

విద్యార్థులు: కొండగట్టు సమీపంలోని జేఎన్‌టీయూ కళాశాల వంటి చోట్ల కృత్రిమ మేధ నేర్చుకునేవారికి మెమొరీయే ప్రధానం. 700 కోట్ల పరామితులున్న భాషా నమూనాను 8 బిట్లలో నడిపితే దానికే 7 జీబీలు కావాలి. పని జరిగేందుకు మరికొంత చోటు కావాలి. 8 జీబీల కార్డులో ఇది ఇరుకు. 12 జీబీల్లో హాయిగా ఇముడుతుంది.

డీటీపీ, ఫ్లెక్సీ కేంద్రాలు: ఈ పనులకు రెండూ అవసరం లేదు. ఆ సొమ్ముతో ప్రధాన మెమొరీ, ఎస్‌ఎస్‌డీ పెంచుకోవడమే లాభం.

కరెంటు బిల్లూ చూడాలి

3060 పూర్తి భారంతో 170 వాట్లు తీసుకుంటుంది. 4060కు 115 వాట్లు చాలు. రోజుకు 6 గంటలు ఇలా నడిపితే నెలకు దాదాపు 10 యూనిట్ల తేడా వస్తుంది. సిరిసిల్లలో సెస్‌కు కట్టినా, జగిత్యాలలో ఉత్తర డిస్కంకు కట్టినా ఈ భారం వినియోగదారుడిదే. మండువేసవిలో ఇరుకు గదిలో పనిచేసే వారికి వేడి తగ్గడం కూడా ఊరటే. యూపీఎస్‌పైనా ఒత్తిడి తగ్గుతుంది.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

* 3060 పేరుతోనే 8 జీబీల రకం కూడా 2022లో వచ్చింది. దానిలో సమాచార దారి కూడా ఇరుకే. డబ్బాపై 12 జీబీ అని ఉందో లేదో చూసుకోవాలి.
* 2022 సెప్టెంబరులో ఎథీరియం మైనింగ్‌ ఆగిపోయాక, అందులో రాత్రింబవళ్లు నడిచిన కార్డులు పాత సరకు మార్కెట్లోకి వచ్చాయి. చౌకగా దొరికిందని తొందరపడరాదు. అరగంటైనా పూర్తి భారంతో నడిపించి, ఫ్యాన్లు, వేడి పరిశీలించాకే సొమ్ము చెల్లించాలి.
* 4060 మదర్‌బోర్డుతో 8 దారుల్లోనే మాట్లాడుతుంది. పాత పీసీఐ 3.0 బోర్డుల్లో, ముఖ్యంగా మెమొరీ నిండినప్పుడు, మరికొంత వెనకబడుతుంది.
* 4060 ప్రకటనల్లో కనిపించే భారీ ఫ్రేముల సంఖ్యలో నడుమ చేర్చిన కృత్రిమ ఫ్రేములూ ఉండవచ్చు. అవి ఆటలకే గానీ వీడియో పనికి అక్కరకు రావు.
* గల్ఫ్‌లోని బంధువులతో తెప్పించుకునేవారు, ఆ కార్డుకు ఇక్కడ వారంటీ వర్తిస్తుందో లేదో కొనకముందే కంపెనీని అడగాలి. ఇక్కడ కొంటే జీఎస్టీ బిల్లు తప్పక తీసుకోవాలి.

వేగం, తక్కువ కరెంటు కావాలంటే 4060. పెద్ద పనులకు, చదువుకు 12 జీబీల 3060. కంప్యూటరులో ప్రస్తుతం చేస్తున్న పని ఎంత మెమొరీ వాడుతోందో విండోస్‌ టాస్క్‌ మేనేజర్‌లో చూసుకోవచ్చు. కార్డు లేనివారు తెలిసినవారి యంత్రంపై తమ పనిని ఒకసారి నడిపి చూడాలి. ఆ అంకె 8 జీబీలకు చేరువైతే, ఏది కొనాలో అదే చెబుతుంది.