సిస్ట్ ఉంది సరే, బాధ దానిదేనా?

తలనొప్పికని తీయించిన ఎమ్మారై రిపోర్టులో ‘అరాక్నాయిడ్ సిస్ట్’ అన్న మాట కనబడగానే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. మెదడును చుట్టి ఉండే పల్చటి పొర పిండదశలోనే రెండుగా విడివడి, మధ్యలో మస్తిష్కమేరు ద్రవం చేరగా ఏర్పడే తిత్తి అది. క్యాన్సర్ కాదు. అమెరికాలో 48 వేల మందికి పైగా పెద్దల ఎమ్మారైలను పరిశీలించినప్పుడు నూటికి 1.4 మందిలో ఇవి బయటపడ్డాయి. వాటివల్ల బాధపడుతున్నవారు అందులోనూ బహు కొద్దిమంది. తలనొప్పి రానివారెవరు? రెండూ ఒకే మనిషిలో ఉండటం కాకతాళీయం కావచ్చు. అందుకే తిత్తి పేరు తేలితే నిర్ధారణ సగమే అయినట్టు. రోగి చెప్పే బాధ ఆ తిత్తి ఉన్న చోటుతో పొసగాలి.

పేరు తేల్చడమూ తేలిక కాదు. ఎపిడెర్మాయిడ్ సిస్ట్ సీటీలో అచ్చం నీటిలాగే కనిపించి మోసం చేస్తుంది. ఎమ్మారైలో డిఫ్యూజన్ చిత్రం తీస్తే తెల్లగా మెరుస్తుంది, అరాక్నాయిడ్ సిస్ట్ మెరవదు. మన దేశంలో మరో జాగ్రత్త కావాలి: మూర్ఛతో వచ్చినవారి మెదడులో చిన్న తిత్తి, దాని లోపల చుక్క కనబడితే అది బద్దెపురుగు లార్వా; ఆ చుక్క దాని తల. దానికి చికిత్స వేరు. ఇక చోటు సంగతి. మెదడు నడుమనున్న మూడో కుహరంలో పుట్టే కొల్లాయిడ్ సిస్ట్ సెంటీమీటరంతే ఉన్నా, ద్రవం పారే ఇరుకు దారిని మూసి ప్రాణం తీయగలదు. కణత దగ్గర అంతకు ఎన్నో రెట్లు పెద్ద అరాక్నాయిడ్ సిస్ట్‌తో జీవితమంతా హాయిగా గడిపేవారున్నారు.

‘ఎందుకొచ్చిన గొడవ, తీసేస్తే పోలా?’ అని అడగడం సహజం. పుర్రె తెరిస్తే రక్తస్రావం, ఇన్ఫెక్షన్ భయం. తిత్తిలోని ద్రవాన్ని మళ్లించే గొట్టం (షంట్) వేస్తే అది పూడుకుపోయి మళ్లీ ఆపరేషన్ కావచ్చు. పెద్దల్లో అరాక్నాయిడ్ సిస్ట్‌లు పెరగడం అరుదు గనుక కొంతకాలానికి మళ్లీ స్కాన్ తీసి పోల్చడం మేలు. పసిపిల్లల్లో పెరగవచ్చు, వారిని దగ్గరగా గమనించాలి. దీనికన్నా బలమైన అభ్యంతరం ఒకటుంది: ‘ఏదో కనబడిందిలే’ అంటూ నిజమైన బాధనూ కొట్టిపారేస్తే? 1938లో ఇసడోర్ టార్లోవ్ వర్ణించిన, త్రికాస్థి దగ్గర నరాల మూలాల మీద ఏర్పడే తిత్తులు చాలామందిలో నిరపాయమే. కానీ కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే నొప్పి, తిమ్మిరి సరిగ్గా ఆ నరం పాకే దారిలోనే ఉండి, డిస్క్ జారడం వంటి కారణమేదీ దొరకకపోతే తిత్తిని అనుమానించక తప్పదు. వెన్నులోని అరాక్నాయిడ్ సిస్ట్‌ను పట్టుకోవడం మరీ కష్టం: దాని పొర ఎమ్మారైలో కనబడకపోవచ్చు, వెన్నుపాము ఒక పక్కకు నొక్కుకుపోయినట్టు మాత్రమే తెలుస్తుంది. అప్పుడు వెన్ను ద్రవంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి సీటీ మైలోగ్రామ్ తీస్తారు. మందు తిత్తిలోకి ఆలస్యంగా చేరడమో, అసలు చేరకపోవడమో దాని హద్దులను పట్టిస్తుంది. కాళ్లు బిగుసుకుపోయి నడక తడబడుతున్న రోగికి ఈ పరీక్షను వాయిదా వేయడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.