పుస్తకం కాకముందు కబురు: సువార్త విశేషాలు

సువార్త అనగానే మత్తయి, మార్కు, లూకా, యోహాను అన్న నాలుగు పుస్తకాలు గుర్తుకొస్తాయి. ఆ పుస్తకాలు పుట్టకముందే ఆ మాట ఉంది. ఒకరు మోసుకొచ్చి ఇంకొకరి చెవిన వేసే మంచి కబురు అని దాని అర్థం. క్రైస్తవ గ్రంథంలో ఆ కబురు తరచుగా ఎవరూ లెక్కచేయని మనుషుల దగ్గరే వినిపిస్తుంది. దాని ప్రయాణంలో కొన్ని విశేషాలు ఇవి.

★ కొత్త నిబంధన గ్రీకులో సువార్తను 'యువాంగెలియోన్' అంటారు. హోమర్ కావ్యం 'ఒడిస్సీ'లో ఇదే మాటకు మంచి కబురు తెచ్చినవాడికిచ్చే బహుమానం అని అర్థం. మారువేషంలో వచ్చిన ఒడిస్సియస్ "మీ దొర తిరిగొస్తాడు" అని తన పందుల కాపరికే చెప్పి, ఆ మాట నిజమైన రోజున తనకు మంచి బట్టలు పెట్టమంటాడు.

★ క్రీ.పూ. 9లో రోమన్ల ఆసియా రాష్ట్రం ఏడాదిని అగస్టస్ చక్రవర్తి పుట్టినరోజుతో మొదలుపెట్టాలని తీర్మానించింది. ఆ పుట్టుకతోనే లోకానికి శుభవార్తలు మొదలయ్యాయని ఆ శాసనం చెబుతుంది. అందులోనూ ఇదే గ్రీకు మాట. నేటి తుర్కియేలోని ప్రియేనె శిథిలాల్లో ఆ శాసనం దొరికింది.

★ లూకా తన రెండో అధ్యాయాన్ని ఆ చక్రవర్తి పేరుతోనే, కైసరు ఔగుస్తు ఆజ్ఞతోనే ఎత్తుకుంటాడు. కానీ అందులో దేవదూత శుభవార్త చెప్పింది రాత్రివేళ పొలంలో మందను కాచుకుంటున్న గొర్రెల కాపరులకు. ఆ రోజుల్లో విన్నవాళ్లకు ఈ తేడా తెలియకుండా పోయి ఉండదు.

★ రాజుల రెండవ గ్రంథం 7వ అధ్యాయంలో ఒక గొప్ప ఘట్టం ఉంది. సిరియా సైన్యం షోమ్రోనును ముట్టడించింది. గాడిద తల 80 తులాల వెండి పలికేంత కరువు. ఊరి గవిని దగ్గర నలుగురు కుష్ఠరోగులున్నారు. లోపలికి వెళ్లినా చావే, ఇక్కడే కూర్చున్నా చావే అనుకుని ఏకంగా శత్రువుల దండుపేటకే నడిచారు. అక్కడ ఒక్క మనిషి లేడు. గుర్రాలు, గాడిదలు కట్టేసినవి కట్టేసినట్టే ఉన్నాయి. ఒక గుడారంలో దూరి కడుపునిండా తిన్నారు, వెండి బంగారాలు తీసుకెళ్లి దాచుకున్నారు. మరో గుడారంలోనూ అంతే. అప్పుడు వాళ్ల మనసు ఊరుకోలేదు. ఇంత మంచి కబురు తెలిసీ చెప్పకపోవడం తప్పనుకుని, ఆ రాత్రే వెళ్లి గవిని కాపలావాళ్లను కేకేశారు. ఊరు దూరం పెట్టినవాళ్లే ఊరికి ప్రాణం పోసే కబురు తెచ్చారు. హీబ్రూలో అక్కడున్న మాట 'బెసోరా', అంటే శుభవార్తే. ఆ మాట బరువు ఇంతకన్నా బాగా చెప్పే కథ నాకు కనబడలేదు.

★ నజరేతు సమాజమందిరంలో యేసు చదివింది యెషయా గ్రంథం. బీదలకు సువార్త, చెరలో ఉన్నవారికి విడుదల అని ఉన్న చోటు విప్పి చదివి, ఈ లేఖనం ఈరోజే నెరవేరిందని చెప్పాడని లూకా 4వ అధ్యాయం చెబుతుంది.

★ పౌలు కొరింథీయులకు మొదటి పత్రిక రాసింది సుమారు క్రీ.శ. 55లో. నాలుగు సువార్త పుస్తకాల్లో మొదటిదిగా చాలామంది పండితులు భావించే మార్కు సువార్త 70 ప్రాంతానిది. అంటే ఆ పుస్తకాలకన్నా ముందే, తన పత్రిక 15వ అధ్యాయంలో పౌలు సువార్త సారాన్ని నాలుగు ముక్కల్లో చెప్పాడు: క్రీస్తు మన పాపాల కోసం చనిపోయాడు, సమాధి అయ్యాడు, మూడో రోజున లేచాడు, కనిపించాడు.

★ కొత్త నిబంధనలో 'యువాంగెలియోన్' 76 సార్లు వస్తుంది. అందులో 60 పౌలు పేరిట ఉన్న పత్రికల్లోనే. యోహాను సువార్తలో మాత్రం ఒక్కసారి కూడా లేదు!

★ పునరుత్థానం కబురు శిష్యులకు తెచ్చింది మగ్దలేనే మరియ అని యోహాను 20వ అధ్యాయం చెబుతుంది. ఆడవాళ్ల సాక్ష్యానికి పెద్దగా విలువ ఇవ్వని కాలమది. అయినా ఆ కబురు తెచ్చినందుకు సంఘం ఆమెను 'అపొస్తలులకు అపొస్తలురాలు' అని గౌరవించింది.

★ పాత ప్రతుల్లో పుస్తకాల పేర్లు 'మత్తయి ప్రకారం', 'మార్కు ప్రకారం' అని ఉంటాయి. సువార్త ఒక్కటే, చెప్పినవాళ్లు నలుగురు అన్నమాట. 'సువార్తలు' అని బహువచనంలో పుస్తకాలకు వాడినవారిలో రెండో శతాబ్దపు క్రైస్తవ రచయిత జస్టిన్ తొలివాడు.

★ సుమారు 170లో టేషియన్ అనే క్రైస్తవ రచయిత ఆ నాలుగు సువార్తలనూ కలిపి ఒకే కథగా అల్లాడు. దాని పేరు 'డయాటెస్సరోన్'. సిరియా సంఘాలు చాలాకాలం దాన్నే చదువుకున్నాయి. ఐదో శతాబ్దంలో థియోడొరెట్ అనే బిషప్ 200కు పైగా ప్రతులు ఏరి పక్కనపెట్టి, వాటి స్థానంలో నాలుగు సువార్తలు ఇచ్చాడు.

★ మాంచెస్టర్‌లోని జాన్ రైలాండ్స్ గ్రంథాలయంలో ఒక పపైరస్ ముక్క ఉంది. ఏ.టి.ఎం. కార్డుకన్నా కాస్త పెద్దది, అంతే. ఈజిప్టులో దొరికింది. దాని రెండు వైపులా యోహాను 18వ అధ్యాయంలో పిలాతు ఎదుట జరిగిన యేసు విచారణ ఉంది. దాన్ని సాధారణంగా రెండో శతాబ్దపుదిగా లెక్కిస్తారు.

★ ఖురాన్‌లో కనిపించే 'ఇంజీల్' కూడా 'యువాంగెలియోన్' నుంచి వచ్చిందే. ఇథియోపియా క్రైస్తవులు 'వంగేల్' అంటారు.

★ ప్రకటన గ్రంథం 14వ అధ్యాయంలో ఒక దూత నిత్య సువార్తను పట్టుకుని ఆకాశమధ్యంలో ఎగురుతాడు. ప్రతి జనానికీ, ప్రతి వంశానికీ, ప్రతి భాషకూ చెప్పడానికట.

★ మన భాష సంగతికొస్తే, 1805లో విశాఖపట్నం చేరిన మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ తెలుగు నేర్చుకుని అనువాదం మొదలుపెట్టారు. బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవుడైన ఆనందరాయర్ వాళ్లకు తోడు నిలిచాడు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సెరంపూర్‌లో తెలుగులో అచ్చయ్యాయి. ప్రొటెస్టెంట్లు సువార్త అన్నా, కథోలికులు సువిశేషం అన్నా, ఆ కబురును తెలుగు చేయడానికి ఓపికగా కూర్చున్న ఆనందరాయర్‌ను మన గుడుల్లో పిల్లలకు పేరుపెట్టి చెప్పాలి.