పాలదోషమా? పథ్యదోషమా?

సావనీరుకు ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, కవితో గల్పికో ఇస్తే పేజీ నిండుతుందిలే అనుకున్నాను. కాని కలం పట్టుకుంటే రెండేండ్ల కిందట మా ఇంట్లో జరిగిన సంగతే ముందుకొచ్చి కూర్చుంది. జంతుశాస్త్రం చదువుకున్నవాణ్ణి గనుక, దాన్నే నాకు తెలిసినంతలో వివరించడానికి ప్రయత్నిస్తాను.

మా అక్క తొలి కాన్పుకు కళ్యాణదుర్గం దిక్కునున్న మా ఊరికి వచ్చింది. కాన్పు ఆసుపత్రిలోనే అయింది. బిడ్డ మూడు కిలోల పైనే తూగింది. రెండున్నర నెలల దాకా ఏ జబ్బూ ఎరగదు. ఒకనాడు తెల్లవారుజామున పాలివ్వడానికి అక్క చేతుల్లోకి తీసుకుంటే బిడ్డ చల్లగా ఉంది. రాత్రి ఏడ్చిన చప్పుడు కూడా ఎవరూ వినలేదు. మధ్యాహ్నానికల్లా ఊరు తీర్పు చెప్పేసింది. దిష్టి అని ఒకరు, బాలగ్రహం అని ఒకరు. అక్క అత్తగారు మాత్రం, "నీ పాలల్లోనే దోషముండాది, నువ్వే బిడ్డను చంపుకుంటివి" అనేసింది. ఆ తర్వాత నెల రోజులు అక్క ఎవరితోనూ మాట్లాడలేదు.

కాలేజీకి తిరిగొచ్చినాక మా సారునడిగాను, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ నిద్రలో ఎట్లా పోతుందని. ఆయన చెప్పినది, ఆపైన నేను చదివినది కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఇటువంటి మరణాలకు 1969లో అమెరికాలోని సియాటిల్ నగరంలో జరిగిన వైద్యుల సభ ఒక పేరు ఖాయం చేసింది: సడన్ ఇన్‌ఫెంట్ డెత్ సిండ్రోమ్. మనం శిశువుల ఆకస్మిక మరణం అందాం. ఏడాది లోపు బిడ్డ, ముఖ్యంగా రెండు నుంచి నాలుగు నెలల వయసులో, నిద్రలో పోతుంది. శవపరీక్ష చేసినా, పడుకున్న చోటు పరిశీలించినా, పూర్వాపరాలు విచారించినా కారణం దొరకదు. ఈ మూడూ జరిగినాకనే ఆ పేరు పెట్టాలని నేటి నియమం. మన పల్లెల్లో పొద్దు గుంకకముందే పూడ్చిపెడతారు. కాబట్టి మా అక్క బిడ్డది ఆ మరణమే అని నేను చెప్పలేను. పాలదోషమని చెప్పడానికీ ఎవరి దగ్గరా అంతకన్నా ఆధారం లేదు గదా!

ఆ దేశాలవాళ్లు ఈ సంగతి తెలుసుకోవడానికి పెద్ద మూల్యమే చెల్లించారు. 1950ల చివరి నుంచి అక్కడి పేరుమోసిన పిల్లల డాక్టర్లే బిడ్డను బోర్లా పడుకోబెట్టమని తల్లులకు చెప్పారు. కక్కుకుంటే గొంతుకు అడ్డం పడదని వాళ్ల భయం. బోర్లా పడుకున్న పసిబిడ్డ తాను వదిలిన గాలినే మళ్లీ పీలుస్తుంది. మనకైతే ఊపిరాడకపోతే మెలకువ వస్తుంది. కొందరు పసిబిడ్డల మెదడులో ఆ మెలకువ తెప్పించే భాగం ఇంకా పక్వం కాదు. న్యూజిలాండ్ పరిశోధకులు 1980ల చివర ఈ ప్రమాదాన్ని లెక్కలతో చూపించారు. 1991లో బ్రిటన్, 1994లో అమెరికా బిడ్డల్ని వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలుపెట్టాయి. అమెరికాలో ఈ మరణాలు సగానికి పైగా తగ్గాయి. మందు లేదు, ఆపరేషన్ లేదు, బిడ్డను తిప్పి పడుకోబెట్టడమే!

మన అవ్వలు బిడ్డను చేటలో వెల్లకిలా పడుకోబెట్టేవారు. అది మంచి పనే. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు, మీద కప్పే మందపాటి బొంత, మూసిన గదిలో వేసే సాంబ్రాణి పొగ మాత్రం మంచివి కావు. మెత్తటివి ముఖానికి అడ్డం పడతాయి, మన ఎండల్లో బొంత ఒళ్లు ఉడికిస్తుంది, పొగ ఊపిరితిత్తులకు చేటు. ఇంట్లో బీడీ తాగేవారుంటే మరీ ప్రమాదం.

ఇంతవరకు చదివినాక నాకొక సందేహం పట్టుకుంది. పాలదోషం అన్న మాట ఊరికే పుట్టిందా? దానికి జవాబు మన తెలుగు కోస్తాలో దొరికింది.

విశాఖ నుంచి కిందికి ఉన్న ఉత్తర సర్కారు జిల్లాలు ఒకప్పుడు బెరిబెరి వ్యాధికి పేరుబడ్డవి. ఆ వ్యాధి కోసమే 1918లో కూనూరులో ఒక గదిలో పరిశోధనశాల మొదలైంది. అదే 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది, నేటి జాతీయ పోషకాహార సంస్థ. కూనూరు శాస్త్రజ్ఞులు అయ్‌క్రాయిడ్, కృష్ణన్ 1941లో మద్రాసు రాజధానిలోని బెరిబెరి ప్రాంతపు శిశుమరణాల మీద ఒక వ్యాసం ప్రకటించారు. అక్కడ మొదటి నెల గడిచినాక కూడా, పాలు తాగే బొద్దుగా ఉన్న బిడ్డలు పోతున్నారు. తమిళ జిల్లాల పేదలు ఉప్పుడు బియ్యం తినేవారు. కోస్తావారు తినేది మిల్లులో పాలిష్ పట్టిన పచ్చి బియ్యం. తవుడుతో పాటు థయమిన్ అనే బి1 విటమిను పోతుంది, కడిగితే కొంత, గంజి వార్చితే మరికొంత. తల్లి పైకి బాగానే ఉంటుంది. ఆమె పాలల్లో థయమిన్ చాలినంత ఉండదు. బిడ్డ ఉన్నట్టుండి కీచుమని ఏడుస్తుంది, గొంతు బొంగురుపోతుంది, ఒళ్లు నీలం తిరుగుతుంది, గుండె ఆగుతుంది. వేళకు థయమిన్ ఇంజెక్షన్ పడితే గంటల్లో తేరుకుంటుంది!

అంటే ఆ అత్తమ్మలు చూసింది అబద్ధం కాదు. పాలల్లో లోపం నిజంగానే ఉండింది. ఆ లోపాన్ని తల్లి తట్టలోకి తెచ్చింది మాత్రం ఇంటిల్లిపాది.

మన అనంతపురం మెరకనేలకు ఈ పీడ లేదు. వాన లేదు గనుక వరి లేదు. రాగిసంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం తిన్నాం. వంద గ్రాముల రాగుల్లో థయమిన్ సుమారు 0.4 మిల్లీగ్రాములుంటే, తెల్లబియ్యంలో 0.05 మాత్రమే. కరువు మనకు చేసిన ఒకే ఒక ఉపకారం ఇదేనేమో! తర్వాత చేలన్నీ శెనక్కాయ పంటైనాయి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన బియ్యాన్ని తప్పుపట్టను. కాని సంగటి కుండ మూలబడింది.

దానికి తోడు పథ్యం. మా అక్కకు మూడు నెలలు పెట్టినది వార్చిన తెల్లన్నం, వెల్లుల్లి కారం, ఇంత నెయ్యి. పప్పు వాతం, ఆకుకూర చలువ. ఇంటి నిండా శెనక్కాయ మూటలున్నా, "బాలింతకు శెనక్కాయలా? బిడ్డకు పైత్యం చేస్తాది" అని మా అవ్వ ముట్టనియ్యలేదు. థయమిన్ దండిగా ఉండేది అందులోనే. ఇటువంటి పథ్యం చేసే తల్లుల బిడ్డలు గుండె, ఊపిరి దెబ్బతిని ఆసుపత్రికి రావడం, థయమిన్‌తో తేరుకోవడం మన దేశపు డాక్టర్లు 2020లో కూడా రాశారు. దీనికి విరుగుడు పాలు మాన్పించడం కాదు, తల్లికి పెట్టడం. పాలు మాన్పిస్తే బిడ్డకు ఇంకో పది రోగాలు.

ఒక మాట మరిచిపోరాదు. మన దగ్గర పసిబిడ్డలు ఎక్కువగా పోయేది మొదటి నెలలోనే, అదీ నెలలు నిండక, బరువు చాలక, పుట్టగానే ఊపిరందక, చీము పట్టి. 1971లో దేశంలో వెయ్యి మంది పుడితే 129 మంది ఏడాది లోపు పోయేవారు, 2020 నాటికి అది 28 అయింది. బరువు తక్కువ బిడ్డను తల్లి రొమ్ముకు ఒంటికి ఒళ్లు ఆనించి కట్టుకోవడం, పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టడం, ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికొచ్చి చూడడం, ఇవన్నీ ఖర్చులేని పనులు. బిడ్డ పాలు తాగనన్నా, గొంతు మారినా, డొక్కలెగరేసినా మంత్రగాడి కోసం చూడకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి పోవాలి.

అక్క మళ్లీ కాన్పుకు వచ్చింది. ఈసారి వంటింట్లో పెద్ద యుద్ధమే జరిగింది. రాగిసంగటి, ఆకుకూర పప్పు, శెనక్కాయ చట్నీ మా అమ్మ పెట్టింది, డాక్టరమ్మ బి-కాంప్లెక్స్ మాత్రలు రాసిచ్చింది. అక్క అత్తగారు ఫోనులో విని ఏమీ అనలేదు. పాపకిప్పుడు మూడో నెల, చేటలో వెల్లకిలా పడుకుంటుంది. మా అవ్వ ఆవాల దిండు విప్పి ఆవాలు పోపులడబ్బాలో పోసుకుంది. సాంబ్రాణి మీద తగువు మాత్రం ఇంకా తెగలేదు.