తుపాకీ మరమ్మతు దుకాణానికి ఎలాంటి లేత్ కావాలి?

బిహార్‌లోని ముంగేర్ పేరు వార్తల్లోకి వచ్చిందంటే చాలాసార్లు నాటు తుపాకులు, పోలీసు దాడి, స్వాధీనం చేసుకున్న లేత్ మిషన్ల గురించే అయి ఉంటుంది. అదే ఊళ్లో లైసెన్సుతో పన్నెండు బోరు తుపాకులు తయారుచేసే యూనిట్లూ ఉన్నాయి. 1760లలో బెంగాల్ నవాబు మీర్ ఖాసిం రాజధానిని ముర్షిదాబాద్ నుంచి ఇక్కడికి మార్చి ఆయుధాల తయారీ పెట్టించాడు. పక్కనున్న జమాల్‌పూర్‌కు 1862లో రైల్వే వర్క్‌షాప్ వచ్చింది.

సక్రమమైన పనికైనా దొంగ పనికైనా యంత్రం ఒకటే. లేత్ కొనడానికి ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. దానిమీద తుపాకీ పని చేయాలంటే మాత్రం కావాలి. 1959 ఆయుధ చట్టం ఐదో సెక్షన్ తయారీతో పాటు మరమ్మతుకూ లైసెన్సు తప్పనిసరి చేసింది.

ఆ లైసెన్సు ఉన్న చిన్న దుకాణం ఏ లేత్ కొనాలి? మన బజారులో లేత్‌ను బెడ్ పొడవుతోనే అడుగుతారు: నాలుగున్నర అడుగులదా, ఆరడుగులదా అని. తుపాకీ పనికి ఆ లెక్క సరిపోదు. దుకాణానికి వచ్చే పనిలో ఎక్కువ భాగం స్క్రూలు, పిన్నులు, ఫైరింగ్ పిన్నుల వంటి చిన్న ముక్కలే. ఫైరింగ్ పిన్ను కాస్త పొట్టిదైతే తూటా పేలదు. కాస్త పొడవైతే తూటా అడుగునున్న ప్రైమర్‌ను చీల్చి, వేడి వాయువును కాల్చేవాడి ముఖం మీదికి వెనక్కి తన్నిస్తుంది. కాబట్టి చూడాల్సింది చక్ దగ్గరి కచ్చితత్వం.

గొట్టం పని వచ్చినా బెడ్ పొడవు కంటే స్పిండిల్ రంధ్రం ముఖ్యం. గొట్టం అందులోంచి దూరితే చిన్న లేత్ చాలు. జంట గొట్టాలు ఎలాగూ లేత్‌లో సవ్యంగా తిరగవు. గొట్టాన్ని పొట్టి చేయడం వేరే సంగతి. ఆరో సెక్షన్ దానికి ప్రత్యేకంగా లైసెన్సు అడుగుతుంది.

మరలు కోసే గేర్లు మరో పరీక్ష. ఇళ్లలో ఉన్న పాత ఇంగ్లిష్ తుపాకుల మరలు అంగుళాల కొలతలో ఉంటాయి, కొత్త సామగ్రి మిల్లీమీటర్లలో వస్తుంది. అంగుళమంటే 25.4 మి.మీ.; దాన్ని ఐదుతో గుణిస్తే 127. అందుకే 127 పళ్ల గేరు ఉందో లేదో అడగాలి. అది ఉంటే ఒకే లేత్ రెండు రకాల మరలూ సరిగ్గా కోస్తుంది.

పాత లేత్ కొనేటప్పుడు రంగు చూసి మోసపోవద్దు. ఎక్కువ పని చక్ పక్కనే జరుగుతుంది గనుక బెడ్ అక్కడే అరుగుతుంది. క్యారేజీ అక్కడ వదులుగా, టెయిల్‌స్టాక్ వైపు బిగుతుగా కదిలితే అరుగుదల ఉన్నట్టే. డయల్ గేజ్‌ను చక్‌కు కాకుండా స్పిండిల్ లోపలి టేపర్‌కు ఆనించి తిప్పాలి. చక్ తప్పును చక్ మార్చి సరిచేయొచ్చు, స్పిండిల్ తప్పు అంత తేలిగ్గా పోదు.

బెడ్ పొడవులో మిగిల్చిన డబ్బును నాలుగు దవడల చక్, మంచి మైక్రోమీటర్‌పై పెట్టడం మేలు. అన్నిటికంటే ముందు లైసెన్సు చేతికి రావాలి. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా ఆయుధాలు తయారుచేసినా, మరమ్మతు చేసినా శిక్ష ఏడేళ్ల నుంచి యావజ్జీవం వరకు ఉంది.